మంచినీళ్లలో మంచి

దాహమేసినప్పుడు మనం అడిగేది మంచినీళ్లు. తాగునీరు అన్నది పత్రికల మాట, ప్రభుత్వ ఫైళ్ల మాట. ఎంత చదువుకున్నవాళ్ల ఇంట్లోనైనా చుట్టం గుమ్మంలో అడుగుపెడితే "తాగునీరు తీసుకురా" అని ఎవరూ కేకేయరు. తాగదగిన నీటికి తెలుగువాళ్లు పెట్టుకున్న పేరులో దాహం లేదు, చల్లదనం లేదు, తాగడమనే పనే లేదు. ఉన్నదల్లా ఒక్క విశేషణం: మంచి.

పక్క భాషల వైపు చూస్తే ఈ విశేషణం బరువు తెలుస్తుంది. ఉప్పదనం లేని నీరు కన్నడిగులకు సిహినీరు, అంటే తీపి నీరు. మన హైదరాబాదు దక్కనీలో మీఠా పానీ అన్నా అదే అర్థం. ఆ రెండు చోట్లా నాలుక చెప్పిన రుచే పేరుగా నిలిచింది. తమిళుల నల్ల తణ్ణీరు మనకు దగ్గరి మాట, వాళ్లకు నల్ల అంటే మంచి. తెలుగూ తమిళమూ రుచి దగ్గర ఆగకుండా తీర్పు దాకా వెళ్లాయి.

ఆ తీర్పు ఎలాంటిదో తెలియాలంటే ఇదే విశేషణం చేరిన మరికొన్ని మాటలను పక్కన పెట్టి చూడాలి. మంచి ముత్యం అంటే అందమైన ముత్యమని కాదు, నకిలీ కానిదని. మంచిగంధం అంటే అసలు చందనం. మంచినూనె అంటే నువ్వుల నూనె, వంటకు పనికొచ్చేది. ఈ జంట పదాల్లో మంచి అనేది మెచ్చుకోలు కాదు, ధ్రువీకరణ. ఎవరో చూసి, పరికించి, ఇది అసలైనదే, నిశ్చింతగా వాడుకోవచ్చని చెప్పాక వేసిన ముద్ర. మంచినీళ్లు అన్న మాటలోనూ అదే ముద్ర ఉంది. నీళ్లు రెండు రకాలు: వాడుక నీళ్లు, మంచినీళ్లు. మొదటివాటికి పరీక్ష అక్కర్లేదు. రెండోవి పరీక్షకు నిలిచినవి.

మరి పరీక్షించింది ఎవరు? ముందుగా నాలుక. ఉప్పన, చప్పన, చవుడు, వగరు అంటూ నీటి రుచులకు తెలుగులో ఇన్ని మాటలున్నాయంటే మన పూర్వులు కొత్త బావి తవ్విన ప్రతిసారీ మొదటి గుక్కను ఎంత శ్రద్ధగా పుక్కిలించారో ఊహించుకోవచ్చు. తర్వాత కన్ను. గోదావరి, కృష్ణ కాలువల మీద బతికిన ఊళ్లలో వరద రోజుల్లో ఎర్రనీళ్లు బిందెలో పట్టి చిల్లగింజను అరగదీసి కలిపేవారు. మడ్డి అడుక్కి దిగి పైన తేటనీరు నిలిచేది. ఆ తర్వాత పొయ్యి. కందిపప్పు మెత్తగా ఉడికితే అవి మంచినీళ్లు, ఎంతసేపు మరిగినా బద్ద బద్దగానే మిగిలితే కావు. ఇది నిజంగానే రసాయన పరీక్ష. సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న కఠినజలంలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ సంగతి వంటింటి ఆడవాళ్లకు ఏ ప్రయోగశాల చెప్పకముందే తెలుసు.

ఈ తీర్పుకు కాపలా కూడా ఉండేది. కోస్తా పల్లెల్లో మంచినీళ్ల చెరువు వేరు, పశువుల చెరువు వేరు. మంచినీళ్ల చెరువులో గేదెలను దింపకూడదు, బట్టలుతకకూడదు, కాలు పెట్టి కడుక్కోకూడదు. ఆ కట్టుబాట్లలో కులం పేరిట జరిగిన అన్యాయమూ ఉంది. కొందరిని గట్టుకే రానీయని ఊళ్లున్నాయి, దాన్ని దాచి ఆ రోజులను పొగడలేను. ఒక్కటి మాత్రం నిజం. మంచి అనే ముద్ర వేసి ఊరుకోలేదు, ఆ ముద్ర చెడకుండా చూసే బాధ్యతను ఊరు మోసింది. ఆ నమ్మకం మీదే మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అన్న నుడికారం పుట్టింది. ఆలోచించకుండా, అనుమానించకుండా చేసే పనికి మనవాళ్లు చూపిన ప్రమాణం ఇదే.

హైటెక్ సిటీ నిలబడిన నేలకూ మంచినీళ్లతో పాత బంధముంది. తీగల వంతెన కింద కనిపించే దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్ల చెరువు. ఆ నీళ్లు మట్టిగొట్టాల్లో కోటలోకి వెళ్లేవి. కొండల మధ్య కనబడకుండా ఉండటం వల్ల రహస్య చెరువని పేరు పడింది. 1998 నవంబరులో వాజ్‌పేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి మాదాపూర్ చుట్టూ ఉన్నవి రాళ్లూ పొదలూ చిన్న ఊళ్లే. ఆ తర్వాత పాతికేళ్లలో గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ ఆకాశమంత ఎత్తుకు పెరిగాయి. నీటి గొట్టాలు మాత్రం భవనాల వెనుక నడుస్తూ వచ్చాయి. అందుకే ఇక్కడి నీళ్లకు ఇన్ని పేర్లు: నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, క్యాన్ నీళ్లు, ఆర్వో నీళ్లు. ఏ పేరైనా నీళ్లు ఎందులోంచి వచ్చాయో చెబుతుందే కానీ ఎలాంటివో చెప్పదు. మంచి అన్న విశేషణం జారిపోయి, ఆ చోట పాత్ర పేరు వచ్చి కూర్చుంది.

వీటన్నిటికీ మించి ఆసక్తికరమైన పేరు మంజీరా. ఈ ఐటీ కారిడార్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చేవాళ్లు "మంజీరా వాటర్ ఉంది" అని ప్రత్యేకంగా చెబుతారు. మంజీరా నది నీళ్లు నగరానికి 1965లో వచ్చాయి. తర్వాత సింగూరు, 2004 నుంచి కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి తోడయ్యాయి. ఇవాళ ఆ నల్లాలో పారేది ఏ నదైనా కావచ్చు. అయినా జలమండలి సరఫరా చేసే శుద్ధిచేసిన నీటికంతటికీ హైదరాబాదీ నోట మంజీరాయే పేరు. ఒక నది పేరు నమ్మకానికి పేరైంది. నగరవాసి మంజీరా అన్నప్పుడు ఆ మాట వెనక ఉన్నది మా తాతమ్మలు మంచి అన్నప్పుడు ఉన్న అర్థమే: ఎవరో చూశారు, పరీక్షించారు, తాగొచ్చు.

ఆ ఎవరో దేన్ని పరీక్షించారన్నదే నన్ను పట్టి పీడించే ప్రశ్న. ఆ ప్రశ్నను ఒక లోహం పేరుతో అడుగుతాను: క్రోమియం.

1797లో ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాఁ సైబీరియా నుంచి వచ్చిన ఎర్రని సీసపు ఖనిజంలో ఒక కొత్త మూలకాన్ని కనుక్కున్నాడు. దాని సమ్మేళనాలు ఎరుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ రంగురంగులుగా కనబడటంతో గ్రీకులో రంగుకు మాటైన క్రోమా నుంచి ఆ లోహానికి పేరు పెట్టారు. కెంపులోని ఎరుపు, పచ్చలోని పచ్చదనం ఈ లోహపు పరమాణువుల చలవే. మన నేలలోనూ అది ఉంది. బొమ్మలకు పేరుపడ్డ కొండపల్లి కొండల్లో, ఖమ్మం జిల్లాలో క్రోమైట్ ఖనిజం దొరుకుతుంది. హైదరాబాదు కింద ఉన్నది మాత్రం గ్రానైటు. గ్రానైటులో క్రోమియం చాలా తక్కువ. కాబట్టి మాదాపూర్ బోరులో అది చెప్పుకోదగినంత కనిపిస్తే రాయిని నిందించే ముందు మనుషుల పనులను వెతకాలి.

క్రోమియం నీటిలో ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల భాషలో త్రిసంయోజక క్రోమియం, షట్సంయోజక క్రోమియం. సంయోజకత అంకెను బట్టి వాటిని మూడో రూపం, ఆరో రూపం అందాం. లోహం ఒకటే, సంయోజకత మారితే గుణం మారిపోతుంది. మూడో రూపం శరీరంలోకి అంతగా చొరబడదు, నీటిలోనూ పెద్దగా కరగదు. ఆరో రూపం నీటిలో హాయిగా కరుగుతుంది, కణాల్లోకి దూరుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ తీర్మానానికి ఆధారం దాని ధూళిని పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు. తాగితే ఏమవుతుందన్నది చాలాకాలం వాదంగానే నడిచింది, ఎందుకంటే జీర్ణాశయంలోని ఆమ్లం ఆరో రూపంలో కొంతభాగాన్ని మూడో రూపంలోకి మార్చేస్తుంది. 2008లో వెలువడిన అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమ నివేదిక, నీటిలో కలిపి రెండేళ్లు తాగించిన ఎలుకల నోటిలో, చుంచెలుకల చిన్నపేగులో కణితులు వచ్చాయని తేల్చాక ఆ వాదం బలం తగ్గింది. అవి మన తాగేనీటిలో ఉండే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులని కూడా చెప్పాలి. భయపెట్టడానికి రాయడం లేదు, లెక్క సరిగా ఉండాలని రాస్తున్నాను.

రంగు పేరు పెట్టుకున్న ఈ లోహం, మనకు హాని చేయగల కొద్దిపాటి మోతాదులో నీటికి ఏ రంగూ ఇవ్వదు. రుచి మార్చదు. వాసన రాదు. పప్పు చక్కగా ఉడుకుతుంది, సబ్బు నురగ వస్తుంది. మంచినీళ్లు అన్న మాటకు వెనక నిలబడిన సాక్షులందరూ ఇక్కడ మౌనం వహిస్తారు.

నాలుక ఓడిపోవడం మన నేలకు కొత్త కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం వైపు మెట్ట తాలూకాల్లో, జనం నడుములు వంగి కీళ్లు బిగుసుకుపోవడానికి కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్ అని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు వైద్య పరిశోధకులు వెల్లడించారు. ఆ జనం తాగుతున్నవి వాళ్ల లెక్కలో మంచినీళ్లే. తర్వాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి గుర్తయింది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తీసేసే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పద్ధతి అన్న పేరే ప్రపంచమంతా పాకింది. అంతటి అనుభవమున్న జాతికి కంటికి కనబడని విషం గురించి వేరే పాఠం అక్కర్లేదు. కానీ ఫ్లోరైడును గుర్తుపెట్టుకున్నంతగా మిగతావాటిని పట్టించుకోలేదు.

హైటెక్ సిటీ నుంచి పడమటి దారిలో ఒక గంట లోపే పటాన్‌చెరు. 1970ల నుంచి పెరిగిన రసాయన, మందుల కర్మాగారాల మురుగు అక్కడి చెరువులనూ బావులనూ ఏం చేసిందో కోర్టు రికార్డుల నిండా ఉంది. నక్కవాగు ఆ మురుగును మోస్తూ మంజీరాలో కలుస్తుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో పటాన్‌చెరు మట్టిలో, 2008లో కాటేదాన్ మట్టిలో భారలోహాలు ఎక్కువగా ఉన్నాయని ప్రచురించారు. రెండు జాబితాల్లోనూ క్రోమియం పేరుంది. లోహాలకు పూత పూసే పని, తోళ్లు ఊనే పని, రంగులు తయారుచేసే పని జరిగే చోట్ల ఈ లోహం మట్టిలోకి, అక్కడినుంచి వానతో పాటు భూగర్భజలంలోకి దిగుతుంది. మీ ఇంటి నల్లాలో క్రోమియం ఉందని దీని అర్థం కాదు. ఎక్కడ బోరు వేసి, ఎక్కడ ట్యాంకర్ నింపి, ఎక్కడికి తెచ్చి పోస్తున్నారో తెలియని నగరంలో, లేదని చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే అని అర్థం.

సూక్ష్మజీవులు చెడగొట్టిన నీళ్లు రెండు రోజుల్లో బయటపడతాయి. తోళ్ల గోదాములున్న భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో కలుషిత నీళ్లు ప్రాణాలు తీసినప్పుడు నగరమంతా ఉలిక్కిపడింది. 2022 ఏప్రిల్‌లో అద్దాల భవనాలకు కూతవేటు దూరంలోని మాదాపూర్ వడ్డెర బస్తీలో పదుల మంది వాంతులు, విరేచనాలతో కొండాపూర్ ఏరియా ఆస్పత్రికి చేరారు. 2020 డిసెంబరులో ఏలూరులో ఐదువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ వాళ్లు రోగుల రక్తంలో సీసం, నికెల్ గుర్తించారు. ఆ తర్వాత ఎన్ని ప్రయోగశాలలు కదిలాయో చూశాం. క్రోమియం అలా కేకపెట్టి రాదు. ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో మనిషి ఇల్లు మారతాడు, ఊరు మారతాడు, ఏ నీళ్లు ఏ రోగం తెచ్చాయో ముడి వేయడం ఎవరి తరమూ కాదు. ఆస్పత్రిలో లెక్క తేలని విషాన్ని సీసాలోనే పట్టుకోవాలి.

ఇక్కడే తెలుగులోని ఇంకో పాత మాట నాకు ఎంతో ఇష్టంగా గుర్తొస్తుంది: వన్నె. సంస్కృతంలోని వర్ణం ప్రాకృతం మీదుగా వచ్చి మన నోట్లో వన్నె అయింది. మొదటి అర్థం రంగు. అయితే తెలుగువాళ్లు ఆ మాటతో బంగారం నాణ్యాన్ని కొలిచారు. పదహారు వన్నెల బంగారం అంటే మేలిమి బంగారం. గీటురాయి మీద నగను గీసి, ఆ గీత రంగును తెలిసిన బంగారపు గీత పక్కన పెట్టి చూసి కంసాలి వన్నె చెప్పేవాడు. రంగుకూ పరీక్షకూ మన భాషలో ఒకే పేరు.

షట్సంయోజక క్రోమియం పరీక్ష కూడా ఇలాంటిదే. నీటి నమూనాను ఆమ్లీకరించి డైఫినైల్ కార్బజైడ్ అనే కారకాన్ని కలుపుతారు. ఆరో రూపం ఉంటే కొద్ది నిమిషాల్లో ఎరుపు కలిసిన ఊదారంగు తేలుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 540 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వర్ణమాపకంతో కొలిచి, ముందే తెలిసిన మోతాదుల రంగులతో పోల్చి అంకె చెబుతారు. రంగు పేరున్న లోహం చివరికి రంగుతోనే దొరుకుతుంది. వన్నె చూడటమంటే ఇదే.

చూసే పద్ధతి తప్పితే మాత్రం ఉన్న విషం లేనట్టు కనిపిస్తుంది. మొత్తం క్రోమియం కొలవడానికి పట్టే సీసాలో నత్రికామ్లం చుక్కలు వేసి ఉంచుతారు, అందులోని లోహాన్ని ఐసీపీ-ఎంఎస్ లాంటి పరికరాలతో కొలుస్తారు. ఆరో రూపానికి పట్టే సీసాలో ఆ ఆమ్లం పడకూడదు. పడితే దారిలోనే ఆరో రూపం మూడో రూపంగా మారిపోవచ్చు. ఆ నమూనాను క్షారగుణం ఉండేట్టు చూసి, చల్లగా ఉంచి, ఆలస్యం లేకుండా చేర్చాలి. అంటే రెండు సీసాలు కావాలి. ఇంకో సంగతి: సూక్ష్మజీవులను చంపడానికి నీటిలో కలిపే క్లోరిన్, మూడో రూపాన్ని మెల్లగా ఆరో రూపంగా మార్చగలదు. శుద్ధికేంద్రం దగ్గర చూసిన నీళ్లే ఇంటి నల్లా దగ్గరా ఉన్నాయనుకోవడానికి లేదు. తాగే చోట పట్టిన నమూనాకే విలువ.

ఈ కారిడార్‌లో ఇప్పుడు చెలామణిలో ఉన్న పరీక్ష వేరు. "టీడీఎస్ ఎంత?" అనేది అపార్ట్‌మెంటు లిఫ్టుల్లో వినబడే మాట. చేతిలో ఇమిడే మీటర్ను గ్లాసులో ముంచితే అంకె వస్తుంది. ఆ అంకె నీటిలో కరిగిన లవణాలన్నిటికీ వేసిన ఉజ్జాయింపు. భారత ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, క్రోమియం హద్దు 0.05 మిల్లీగ్రాము. అంటే పదివేల వంతుల్లో ఒక వంతు. క్రోమియం హద్దు దాటి రెట్టింపైనా ఆ మీటరులో ఒక్క అంకె కదలదు. ఇంకొందరు అమ్మకందారులు రెండు కడ్డీల పరికరాన్ని నీటిలో పెట్టి కరెంటు పంపి, నీళ్లు గోధుమరంగులోకి మారగానే చూశారా ఎంత విషమో అంటారు. ఆ రంగు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. నీటిలోని లవణాలు కరెంటును మోసినందుకు కడ్డీయే తుప్పుపట్టింది. రంగు చూపి నమ్మించే ఈ పద్ధతి మన వన్నె అనే మాటకే అవమానం. తెలియక భయపడే తల్లుల డబ్బు లాక్కునే మోసమిది. ఆర్వో యంత్రం సరిగా పనిచేస్తే క్రోమియాన్ని చాలావరకు తీసేస్తుంది, ఆ మాట నిజం. మరిగించడం వల్ల మాత్రం క్రోమియం పోదు, నీరు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది.

హద్దు ఎంత ఉండాలన్న దాంట్లోనూ దేశాలన్నీ ఒక్క మాట మీద లేవు. మొత్తం క్రోమియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది లీటరుకు 50 మైక్రోగ్రాములు. అమెరికా దేశమంతటికీ 100. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక్క షట్సంయోజక క్రోమియానికే విడిగా 10 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. అక్కడ హింక్లీ అనే చిన్న ఊరి కథ ఉంది కనుకే ఆ పట్టుదల. 1952 నుంచి 1966 దాకా ఒక గ్యాస్ కంపెనీ శీతలీకరణ గోపురాల్లో తుప్పు పట్టకుండా వాడిన క్రోమియం నీళ్లను అడుగున పూత లేని గుంటల్లోకి వదిలింది. అవి ఊరి బావుల్లోకి ఇంకాయి. 1996లో ఆ కంపెనీ 33 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఎరిన్ బ్రాకోవిచ్ అనే సినిమా వల్ల ఆ కథ మన ఐటీ ఉద్యోగుల్లోనూ చాలామందికి తెలుసు. మన పటాన్‌చెరు కథ తెలిసినవాళ్లు వాళ్లలో ఎంతమందో అని బాధ కలుగుతుంది.

మన ప్రమాణం పేరు ఐఎస్ 10500. 2012లో సవరించిన ఆ పత్రంలో ప్రతి గుణానికీ రెండు గడులుంటాయి. మొదటిది అంగీకరించదగిన హద్దు. రెండోది, వేరే నీటి ఆధారమే లేనప్పుడు సర్దుకోగలిగిన హద్దు. టీడీఎస్ 500 నుంచి 2,000 దాకా సర్దుకోవచ్చు. కాఠిన్యం 200 నుంచి 600 దాకా. ఇంత ఏడిపించిన ఫ్లోరైడుకు కూడా 1 నుంచి 1.5 దాకా వీలుంది. క్రోమియం వరసలో రెండో గడిలో అంకె లేదు. సడలింపు లేదు అని రాసి ఉంది. మంచి అన్న మాటకు మన ప్రమాణం ఇచ్చిన నిర్వచనాల్లో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఈ గడి. గత్యంతరం లేదని చెప్పి ఈ లోహాన్ని హద్దు దాటి ఎవరికీ తాగించే వీల్లేదు.

ఐదువేల లీటర్ల ట్యాంకర్ మొత్తంలో ఆ హద్దు బరువు పావు గ్రాము. డ్రైవరు కంటికి, వాచ్‌మన్ కంటికి, తొట్టి దగ్గర బిందె పట్టుకున్న పనమ్మాయి కంటికి అది కనబడే దారి లేదు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లకు ఆర్వో యంత్రముంది. ఆ భవనం కట్టడానికి పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి పక్కన రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలకు తొట్టిలో ఏ నీళ్లు పోస్తే అవే మంచినీళ్లు. ఆ మాట వాళ్ల విషయంలోనూ నిజం కావాలి.

ఈ వ్యాసం చదివే మీలో అపార్ట్‌మెంటు సంఘాల కార్యదర్శులుంటారు, కంపెనీల్లో భవన నిర్వహణ చూసేవాళ్లుంటారు, జలమండలి ఉద్యోగులూ ఉంటారు. మీ బోరుకూ, మీ ట్యాంకర్ వాళ్లు నీళ్లు నింపే బోరుకూ, నల్లా చివరి కొసకూ పరీక్ష చేయించండి. నివేదికలో మొత్తం క్రోమియం, షట్సంయోజక క్రోమియం అని రెండు వరసలు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. నమూనా ఏ తేదీన, ఏ చోట పట్టారో, అంకె మిల్లీగ్రాముల్లోనో మైక్రోగ్రాముల్లోనో అడగండి. ఆ కాగితాన్ని తెలుగులో రాయించి లిఫ్టు పక్కన అంటించండి. వాచ్‌మన్ గది గోడకూ, కూలీల షెడ్డు తొట్టి దగ్గరా తప్పకుండా అంటించండి.